దారం మీద వేలు

బుడ్డోడంటే నిజంగా బుడ్డోడేమీ కాదు. ఆరడుగుల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. అక్క పెళ్లినాటికి నిక్కర్లలో తిరిగేవాడు కాబట్టి బావ నోట ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. చేపలు పట్టడం నేర్పమని వారం రోజులుగా బావ ప్రాణం తోడేస్తుంటే, ఆ పోరు పడలేక ఆదివారం మధ్యాహ్నం ఆయన వాణ్ణి నది సముద్రంలో కలిసే చోటికి తీసుకొచ్చాడు.

బావ ధ్యాస మాత్రం చేపల మీద లేదు, తన కుడిచేతి వేళ్ల మీద ఉంది. రెండు నెలలుగా వాటికి స్పర్శ తగ్గుతూ వస్తోంది. చొక్కా గుండీలు పెట్టుకోవాలంటే వంగి చూసుకోవాల్సి వస్తోంది. మొన్నటికి మొన్న వేడి గిన్నె పట్టుకుంటే, చెయ్యి కాలుతోందని భార్య కేక వేస్తేగానీ తెలియలేదు. ఏదో పరధ్యానం అని నవ్వేశాడు. లోపల మాత్రం గుండె జారిపోయింది.

జారక ఏంచేస్తుంది? బావా బావమరుదులిద్దరిదీ ఒకటే పని, ఎత్తైన భవనాలకు బయటివైపు అద్దాలు తుడవడం. బుడ్డోడు తాడుకు వేలాడతాడు. బావ పైన డాబా మీద నిలబడి ఆ తాడు చూసుకుంటాడు. ఆ గాలి హోరులో కేకలు వినపడవు. కంపెనీవాళ్లిచ్చిన వాకీటాకీలో గరగర తప్ప మాట రాదు. అందుకని వాళ్లకు తాడే నోరు. కిందివాడు ఒకసారి లాగితే ఆపమని, రెండుసార్లు లాగితే దించమని, మూడుసార్లు లాగితే ఉన్నపళంగా పైకి తీయమని. పదిహేడేళ్లలో బావ వేళ్లు ఒక్కసారి కూడా పొరబడలేదు. కిందటి వారం పొరబడ్డాయి. వాడు ఆపమని లాగితే ఈయన ఇంకో రెండు గజాలు దించేశాడు. వాడి మోకాలు కిటికీ అంచుకు కొట్టుకుని వాచింది. "తాడు పిట్టగోడకి పట్టేసి నీ లాగుడు నాకు అందలేదురా" అని అబద్ధమాడాడు బావ. వాడు సరేనన్నట్టు తలూపాడు.

రేపు పొద్దున పద్నాలుగో అంతస్తు.

డాక్టరు దగ్గర తేల్చుకోవాల్సిన సంగతిని చేప మీద పెట్టిన మొండిఘటం ఆయన. చేప ఎరను కొట్టినప్పుడు వేలికి తెలిస్తే రేపు పనిలోకి వెళ్లడం, తెలియకపోతే సూపర్‌వైజరుకు నిజం చెప్పేయడం. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడే తనతో తాను ఈ ఒప్పందం చేసుకున్నాడు.

"ఆగు, నీళ్లలోకి దిగకు" అన్నాడు ఒడ్డుకు చేరగానే. "మనం పట్టేది ఫ్లాట్‌హెడ్‌ని. తల బల్లపరుపుగా ఉంటుంది. ఒళ్లంతా ఇసుక కప్పుకుని కళ్లు మాత్రం బయటపెట్టి పడుకుంటుంది. తిండి నోటిముందుకొస్తేనే లేస్తుంది."

"మన సూపర్‌వైజరు లాగా."

"అచ్చం అంతే. ఆటు మొదలై నీళ్లు వెనక్కి తీశాయా, పిల్లచేపలు నీళ్లతోపాటు కిందికి జారతాయి. వాటికోసం ఇది చీలమండ లోతులో కూడా కాచుకుని ఉంటుంది. నువ్వు ముందే దిగావనుకో, చేతులారా తరిమేసుకున్నట్టే."

బొటనవేలంత రబ్బరు చేపను సీసపు గుండున్న కొక్కానికి నిటారుగా గుచ్చి చూపించాడు. వంకరగా గుచ్చితే నీళ్లలో గిరగిరా తిరుగుతుంది, ఏ చేపా నమ్మదు. గుచ్చడానికి ఆయనకు నాలుగుసార్లు పట్టింది. కొక్కెం చూపుడువేలి కొసలో దిగి రక్తం చుక్క వచ్చాక గానీ చూసుకోలేదు. వేలు ప్యాంటుకు తుడిచేసుకున్నాడు.

"విసిరాక ఎర నీళ్ల అడుగు తాకేదాకా ఆగాలి. దారం వదులైతే తాకినట్టు. అప్పుడు గాలపు కర్ర కొస రెండుసార్లు పైకెగరెయ్, మళ్లీ పడనివ్వు. అది పట్టుకునేది ఎర పడుతున్నప్పుడే. అందుకే దారం బిగువుగా ఉంచి, వేలు దారం మీద..." బావ మాట మార్చాడు. "కాదు, కళ్లు పెట్టు. దారం ఎటు కదులుతోందో చూస్తూ ఉండు."

"వేలా, కళ్లా బావా?"

"ఏదో ఒకటి పెట్టి ఏడువు!"

బుడ్డోడు ఏడవలేదు, వేలే పెట్టాడు. ఐదో విసురుకు "టక్కుమంది బావా!" అని ఎగిరాడు. జానెడు చేప. మొప్పల దగ్గర ముళ్లుంటాయని బావ తడిగుడ్డతో పట్టుకుని, మరీ చిన్నదని నీళ్లలో వదిలేశాడు. ఆ "టక్కు" అన్న మాట మాత్రం ఆయన చెవిలోంచి పోలేదు.

ఆయన వేలికి ఏ టక్కూ రాలేదు. ఒకసారి దారం చుట్టి చూస్తే రబ్బరు చేపకు తోక లేదు, పళ్లగాట్లు ఉన్నాయి. చేప వచ్చింది, కొరికింది, పోయింది. ఒప్పందం ప్రకారం కథ అక్కడితో అయిపోవాలి. కానీ బావ ఆ తెగిన రబ్బరును గబుక్కున జేబులో కుక్కేసి, ఇది లెక్కలోకి రాదులే అనుకుని కొత్తది గుచ్చాడు. ఆ విసురుకు ఎర ఒడ్డుకు దగ్గర్లోనే రాళ్లలో ఇరుక్కుంది.

"నేను తీస్తా, నువ్వు దారం పట్టుకునే ఉండు" అని బుడ్డోడు మోకాలిలోతు నీళ్లలోకి దిగాడు.

బావ దారం మీద వేలుంచి నిలబడ్డాడు. నీళ్ల మీద ఎండ కళ్లలో కొడుతుంటే మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఈ పని పోతే ఏం చేస్తాను, తాడు పట్టడం తప్ప నాకేం వచ్చు, ఇంట్లో ఏమని చెప్పను అనుకుంటూ ఉండిపోయాడు.

"బావా!"

ఎర ఎప్పుడో ఊడొచ్చింది. ఎనిమిది గజాల దూరంలో బుడ్డోడు దారం పిడికిట్లో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మూడుసార్లు లాగాను బావా."

"అటు చూస్తున్నాను, గమనించలేదు."

"వేలు పెట్టుకుని చూసేదేముంది?" అన్నాడు వాడు. "వారం క్రితం పిట్టగోడకి ఏదీ పట్టలేదు. పైకొచ్చి చూశాను, రాసుకున్న మరకైనా లేదక్కడ. నువ్వే చెప్తావని వారం రోజులు చూశాను. అక్కని అడిగితే చెయ్యి కాలిన సంగతి చెప్పింది. చేపలు నాకెందుకు బావా? నీచు వాసనంటేనే నాకు పడదు."

బావకు ముందు కోపం వచ్చింది. తరవాత సిగ్గు ముంచుకొచ్చింది. సిగ్గు కంటే మొండితనం తేలిక కాబట్టి దాన్నే పట్టుకున్నాడు. "గాలి ఎక్కువగా ఉంది, అంతే. ఇంకోసారి లాగు. కళ్లు మూసుకుంటాను, నువ్వే చూడు."

కళ్లు మూసుకున్నాడు. ప్రాణమంతా వేలి కొసకు తెచ్చుకున్నాడు. కాసేపు ఏమీ లేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తెలియనీ అని లోపల బతిమాలుకున్నాడు. అప్పుడు తెలిసింది. ఒకటి, రెండు, మూడు. స్పష్టంగా, ఏ అనుమానమూ లేకుండా.

"ఇదిగో! లాగావు! మూడుసార్లు లాగావు!" పసివాడిలా కేరింత కొట్టి కళ్లు తెరిచాడు.

దారం నీళ్ల మీద వదులుగా తేలుతోంది. బుడ్డోడి రెండు చేతులూ వాడి మొహం మీద ఉన్నాయి. వాడు ఏడుస్తున్నాడు.

"ఎప్పుడో వదిలేశాను బావా" అన్నాడు.

బావ తన వేలి వంక చూసుకున్నాడు. స్పర్శ తెలియని వేలితో ఏదో సర్దుకోవచ్చనుకున్నాడు ఇన్నాళ్లూ. అబద్ధం చెప్పే వేలితో, తాడు కొసన వీణ్ణి పెట్టుకుని, రేపు తొమ్మిదింటికి పిట్టగోడ దగ్గర నిలబడబోయాడు.  ఇసుకలో కూలబడి, ఎడమచేత్తో ఫోను తీశాడు.

"సార్, రేపు డాబా మీద నా బదులు ఇంకొకర్ని పెట్టండి... జ్వరం కాదు సార్... ఒక్కరోజుకి కాదు. ఇక మనిషిని పట్టుకునే చెయ్యి కాదు నాది."