లింగరాజు మిల్లు గేటు

"రోజంతా నీడపట్టునే కదే ఉంటావు, నీకేటి కష్టం?" అన్నాడు లింగరాజు.

అప్పలనరసమ్మ అప్పుడు గంజి వారుస్తోంది. తల తిప్పలేదు. తిప్పితే గుండిగ జారి కాళ్ళమీద పడుతుంది. మిల్లులో వడ్లు దంచే కూలీలందరికీ రెండు పూటలా వండేది ఆమె ఒక్కతే. ఇంకా చీకటుండగానే లేచి కాలవ నుంచి నీళ్ళు మోసి, కట్టెలు కొట్టి, చేపలు తోమి, పొయ్యి ముందు కూర్చుంటే మళ్ళీ నడుం వాల్చేసరికి ఊరంతా సద్దుమణిగేది. భీమునిపట్నంలో ఓడెక్కేటప్పుడు తల్లి "రంగంలో మీ ఆయన పెద్ద మనిషటే, రాణిలా ఉంటావు" అంది. రంగం అంటే రంగూన్. తీరా వచ్చింది రంగూన్‌కి కాదు, ఏరు దాటి కాలవలో పడవ మీద వెళ్ళాల్సిన ట్వంటే ఊరికి. పెద్ద మనిషన్న మాట మాత్రం నిజమే. కూలిగా ఓడ దిగిన లింగరాజు బస్తాలు మోసి, మేస్త్రీ అయి, ఊళ్ళ మీద వడ్లు కొని, కాలవ ఒడ్డున మిల్లు కట్టాడు. సత్రం కట్టించాడు. నుయ్యి తవ్వించాడు. వీధికి కిరసనాయిలు దీపాలు పెట్టించాడు. ఊరి కమిటీలో తెల్లదొర పక్క కుర్చీ ఆయనది. ఎవరి ఇంట్లో తగువొచ్చినా ఆయన అరుగు మీదికే వచ్చేవారు. పెళ్ళాన్ని కొట్టినవాణ్ణి ఒకసారి అందరి ముందూ చివాట్లు పెట్టాడు కూడా. ఆ రోజు నరసమ్మ తలుపు చాటున నిలబడి, వాచిన చెవిని చేత్తో మూసుకుని, రెండో చెవితో ఆ తీర్పు విన్నది.

కాపరానికొచ్చిన రోజున పెరట్లో ఒక బర్మా ఆడమనిషి, చంకలో ఆడపిల్లతో నిలబడి ఉంది. "ఎవరు మావా?" అని అడిగితే "పనిమనిషి" అన్నాడు. చంకలో పిల్ల ముక్కు అచ్చం అతనిదే. ఆమె పేరు మే తు. మిల్లు ఉన్న నేల ఆమె తండ్రిదనీ, లింగరాజు మొదట కాపరం పెట్టింది ఆమెతోనేననీ నరసమ్మకి తరవాత కూలీల మాటల్లో తెలిసింది. పెళ్ళాం ఓడ దిగుతోందని తెలిసిన రోజున మే తు సామాను ఇంట్లోంచి పెరటి చివర పాకలోకి పోయింది. ఆనాటి నుంచి రోకలి పట్టుకుంది.

నరసమ్మ ఆమెను ఏళ్ళ తరబడి అసహ్యించుకుంది. మిగిలిన అన్నం దూరం నుంచే ఆకులో వేసేది. అసహ్యించుకోవడం సులువుగా ఉండేది. అతన్ని అసహ్యించుకుంటే అతని పక్కలో పడుకోవడం ఎలా? ఒక రోజు దొరకి విందు చేశారు. కోడిమాంసంలో ఉప్పెక్కువైంది. దొర నవ్వుతూ నీళ్ళు తాగాడు. దొర పడవెక్కాక లింగరాజు ఇనప గరిటెతో కొట్టిన దెబ్బకి నరసమ్మ మణికట్టు విరిగింది. "నలుగురిలో నా తల తీసేసినావు" అని బయటికి వెళ్ళిపోయాడు. పొయ్యి దగ్గర కూలబడ్డ ఆమె దగ్గరికి మే తు పిలవకుండానే వచ్చింది. వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టింది. ఆ పూట కూలీల వంట తనే వండింది. అన్నీ అయ్యాక రవిక పక్కకి లాగి భుజం మీది పాత మచ్చ చూపించింది. నరసమ్మ ఆ మచ్చని వేలితో తాకి చూసింది. అంత వంకర మచ్చని వెయ్యగల చెయ్యి ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

ఆ తరవాత ఇద్దరూ కలిసే గంజి వార్చారు. నీళ్ళకి వెళ్తూ ఒకరి మాటలు ఒకరు నేర్చుకున్నారు. బర్మా వాళ్ళు మర్యాదకి ఆడవాళ్ళ పేరు ముందు 'మ' చేర్చడం విని నరసమ్మ ఆమెను "మ మే తు" అని పిలవడం మొదలుపెట్టింది. అలా పిలిచిన మొదటి రోజు మే తు ముఖం అటు తిప్పుకుంది.

తెల్లవాళ్ళు మాండలే రాజుని ఓడెక్కించి దేశం దాటించాక పల్లెలు భగ్గుమన్నాయి. ఠాణాలు తగలబడ్డాయి. తెల్లవాళ్ళ కొమ్ముకాసిన వడ్ల షావుకార్ల ఇళ్ళు తగలబడ్డాయి. రంగం నుంచి వచ్చే పొగపడవ ఆగిపోయింది. ఉప్పు లేదు, కిరసనాయిలు లేదు, వీధి దీపాలు ఆరిపోయాయి. అటు ఏరూ ఇటు పొలాలూ, నడుమ ఊరొక్కటే మిగిలింది. లింగరాజు తుపాకీ లేకుండా అరుగు దిగడం మానేశాడు.

ఒక ఉదయం సిపాయిలు కాలినడకన వచ్చి పల్లె మగవాళ్ళని రేవులో వరసగా కూర్చోబెట్టారు. తిరగబడ్డవాళ్ళు ఎవరో చెప్పమని దొర లింగరాజుని అడిగాడు. లింగరాజు గొడుగు వేసుకుని ఆ వరస వెంట నడిచాడు. నడుస్తూ నడుస్తూ కొందరి ముందు ఆగాడు. మే తు తమ్ముడు కో కో ముందూ ఆగాడు. ఆ కుర్రాడు ఏనాడూ కత్తి పట్టినవాడు కాదు. తండ్రి నేల తిరిగి ఇమ్మని కిందటేడు అరుగు మీదికి వచ్చి అడిగాడు, అంతే. బస్తాలు దించే దూలానికే వాళ్ళని ఉరి తీశారు. మే తు అరుపు మిల్లు రోకళ్ళ చప్పుడుని దాటి వినిపించింది.

లింగరాజు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని "ఆకలేస్తంది, వొడ్డించు" అన్నాడు.

నరసమ్మ వడ్డించింది. మారు అన్నం అడిగితే పెట్టింది. చారు పోసింది. చెయ్యి దానంతట అదే కదులుతోంది. మే తు గుమ్మంలోకి వచ్చి "నువ్వే సంపినావు" అని తెలుగులో అంది. అతను ఎడంచేత్తో చెంబు విసిరాడు. అది ఆమె నుదుటికి తగిలి నెత్తురు కళ్ళలోకి కారింది. అతను మజ్జిగ అడిగాడు. నరసమ్మ మజ్జిగ కూడా పోసింది. ఆ మజ్జిగ పోసిన చెయ్యిని ఆమె తన జీవితంలో మరెప్పుడూ క్షమించుకోలేదు.

తిరుగుబాటుదారులు పట్టపగలే వచ్చారు. కాలవ మలుపులో పడవలు కనబడగానే కూలీలు మూటలు కట్టుకున్నారు. ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకున్నారు. లింగరాజు మిల్లు గేటు మూసి బయట నుంచి తాళం వేశాడు.

"మీరు పోతే నా వొడ్లెవుడు కాస్తాడ్రా? లోపలే ఉండి కాయండి!"

తాళంచెవి మొలతాడుకి కట్టుకుని, గేటు ఎదురుగా ఉన్న తన ఇంటి మేడ మీదికి తుపాకీతో ఎక్కాడు. కాగడాలు గోడ దాటి వచ్చి ఊకపోగు మీద పడ్డాయి. ఊక మొదట నల్లగా పొగలు కక్కి, తరవాత ఒక్కసారిగా అంటుకుంది. గేటు చెక్కల సందుల్లోంచి వేళ్ళు బయటికొచ్చాయి. రోకలి పాటలు కట్టి నవ్వించే వెంకమ్మ గొంతు "అమ్మగారూ, నా పిల్ల, నా పిల్ల" అని అరుస్తోంది. నరసమ్మ మేడెక్కింది.

"మావా, తాళం తియ్యి. కాలిపోతన్నారు."

"కిందికి పోయే."

"తాళంచెవియ్యి!"

ఆమె అతని మొలకి చెయ్యి వేసింది. అతను తుపాకీ మడమతో ఆమె మూతి మీద కొట్టాడు. పన్ను ఊడి నాలుక మీద పడింది. ఇన్నేళ్ళలో ఆమె చెయ్యి ఎత్తడం అదే మొదలు. ఎత్తిన చేతిని అతను పట్టుకుంటే అతని మణికట్టుని ఎముక తగిలేదాకా కొరికింది. అతను కేక పెట్టి వదిలాడు. మొలతాడు తెంపుకుని మెట్లు దిగి పరిగెత్తింది. కాలుతున్న తాళంకప్పని కొంగుతో పట్టుకుని తాళంచెవి తిప్పితే అరచేయి చర్మం దానికే అంటుకుపోయింది. గేటు తెరుచుకుంది. జనం ఆమెను తోసుకుంటూ, ఆమె మీద పడుతూ బయటికి పోయారు. తెరిచిన గేటులోంచే కత్తులవాళ్ళు లోపలికొచ్చారు. మిల్లు కావలివాళ్ళని నరికారు. బయటికొచ్చి ఇంటి మేడెక్కి లింగరాజు భుజం చీల్చారు. ఎక్కడో సిపాయిల బాకా మోగితే పడవలెక్కి పోయారు. వెంకమ్మ బయటికి రాలేదు. వెంకమ్మ పిల్లని ఎవరో మంటల్లోంచి విసిరితే, అప్పుడే గేటు దాటి బయటపడ్డ అచ్చమ్మ అనే కూలిమనిషి పట్టుకుంది.

మర్నాడు దొర విచారణ మొదలుపెట్టాడు. గేటు తీసి శత్రువుల్ని రానిచ్చింది ఎవరు? లింగరాజు కట్టు కట్టిన భుజంతో వచ్చి మే తు పేరు చెప్పాడు. తమ్ముణ్ణి ఉరితీశారన్న పగతో తీసిందన్నాడు. ఆమెను సత్రం స్తంభానికి కట్టేశారు.

సాయంత్రం అతను నరసమ్మ పక్కన కూర్చున్నాడు. అరచేతికి తనే వెన్న రాశాడు.

"నొప్పెడతందా?" అన్నాడు.

పెళ్ళయినప్పటి నుంచి ఆ మాట అతని నోట రాలేదు. ఎన్ని రాత్రులు ఆ ఒక్క మాట కోసం గోడ వైపు తిరిగి పడుకుని ఎదురుచూసింది! ఇప్పుడు ఆ మాట చెవిలో పడగానే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"రేపు దొర నిన్నడుగుతాడు. మే తు తీస్తంటే సూసినానని సెప్పు. నీ పేరు బయటికొస్తే నా పరువేటవ్వాల? ఎంతైనా నువ్వు నా పెళ్ళానివి. అది ఎవుత్తె?"

నరసమ్మ సరేనన్నట్టు తలూపింది. ఊపకపోతే గదిలో పెట్టి తలుపేస్తాడని తెలుసు.

సత్రం ముందు ఊరంతా చేరింది. దొర అడిగిన ప్రశ్నని మిల్లు గుమాస్తా ధర్మరాజు తెలుగులో చెప్పాడు. నరసమ్మ ముసుగు వెనక్కి తీసింది. వాచిన పెదవితో మాటలు సరిగ్గా రావడం లేదు.

"తాళం తీసింది నాను. ఏసింది ఈయన. లోపల మనుషులుండగా ఏసినాడు."

ధర్మరాజు లింగరాజు వైపు చూశాడు. తరవాత దొరతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. దొర తలూపి మే తు వైపు చెయ్యి చూపించాడు. సిపాయి ఆమె తాడు విప్పి ఈడ్చాడు.

ధర్మరాజు తన మాట మార్చి చెప్పాడని నరసమ్మకి అర్థమైంది. దొరకి తెలుగు రాదు. బర్మా భాష వచ్చు, రేవులో అతను మాట్లాడగా విన్నది. సిపాయికి అడ్డంగా నిలబడి అదే మాట బర్మా భాషలో చెప్పింది. ఉచ్చారణ వంకరగా ఉంది. అయినా ఒక్కొక్క మాటా విడివిడిగా, గట్టిగా చెప్పింది. దొర తలెత్తాడు. వెనక నిలబడ్డ బర్మా వాళ్ళంతా ముందుకు జరిగారు.

"పొగ పట్టి నా ఆడదానికి మతి సెడింది దొరా" అని తనూ బర్మా భాషలోనే అంటూ నవ్వాడు లింగరాజు.

"మతి సెడనేదు" అంటూ వెంకమ్మ పిల్లని ఎత్తుకున్న అచ్చమ్మ లేచింది. "నానూ లోపలే ఉన్నాను." ఆ మాటనీ నరసమ్మ బర్మా భాషలో దొరకి చెప్పింది.

దొర మే తుని వదిలేశాడు. లింగరాజుని ఎవరూ ఏమీ చెయ్యలేదు. వడ్లు కావాలి, పల్లెల దారులు తెలిసినవాడు కావాలి, కమిటీలో అతని కుర్చీ అతనికే ఉంది. కానీ ఆ రోజు నుంచి అతని అరుగు మీదికి తీర్పు కోసం ఒక్కరూ రాలేదు.

పొగపడవ మళ్ళీ తిరగడం మొదలైన రోజున నరసమ్మ రేవుకి వచ్చింది. పక్కన మే తు, మే తు కూతురు. రంగంలో మిల్లుల పేట పజుండౌంగ్‌లో కూలీలకి అన్నం వండి అమ్ముకుంటే బతకొచ్చని అచ్చమ్మ చెప్పింది. భయం లేదని కాదు. వెనక నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలుస్తారేమోనని వీపంతా చెవులై ఉంది. మే తు పిల్లని పడవలోకి అందించి తనూ ఎక్కింది.

పడవలో చీటీలిచ్చేవాడు భీమిలి వైపు మనిషి. ఇద్దరు ఆడవాళ్ళనీ, పిల్లనీ, మళ్ళీ నరసమ్మ కాలిన చేతినీ చూశాడు. మగవాడి కోసం అటూ ఇటూ వెతికాడు.

"ఎవుల తాలూకమ్మా మీరు?"

నరసమ్మ అరచేతిని కొంగులో దాచుకోలేదు.

"ఎవుల తాలూకా కాము. ముగ్గురం. చీటీలియ్యి."