పొగ చాలని బట్టీ

వీధివాళ్లంతా బట్టీ బాబాయి అని పిలుచుకునే రొట్టెలాయన, నాలుగేళ్ల కిందట ఎవరూ చెప్పకుండానే తన కట్టెల బట్టీని బాగుచేసుకున్నాడు. లోపల మూడు వరసల ఇటుకలు అడ్డంగా కట్టి, పొగ మళ్లీ మంటలోకే తిరిగొచ్చి కాలిపోయేలా చేశాడు. అప్పట్నుంచి పొగగొట్టం ఎంత ఖాళీగా ఉండేదంటే, దాని మూతిమీద ఒక పావురం రెండు విడతలు పిల్లల్ని లేపిందట. కాకపోతే ఆ పిల్లలు కాస్త దోరగా వేగి ఉండేవని బాబాయే కలిపి చెప్పేవాడు.

ఆ మంచిపనే ఇప్పుడు కొంప ముంచింది. భూమి వేడెక్కిపోతోంది కాబట్టి వచ్చే ఏడాది చివరికల్లా కట్టెల బట్టీలన్నీ మూసెయ్యాలని ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. కరెంటు బట్టీ కొనుక్కునేవాళ్లకు సాయం చేస్తానంది. ఎంత పొగ తగ్గితే అంత సాయం. అది అందకపోతే బాబాయి దుకాణానికి తాళమే.

పొగ కొలిచే అధికారి వచ్చి గొట్టంలో యంత్రం పెట్టాడు. ముల్లు కదల్లేదు. యంత్రాన్ని రెండు తట్లు తట్టాడు. అయినా కదల్లేదు.

"మీ దగ్గర తగ్గించడానికి పొగేదండీ?" అన్నాడు.

"నేను ముందే తగ్గించేశాను కదండీ."

"పథకం రాకముందు తగ్గించింది లెక్కలోకి రాదు."

ఎదురు వరసలో బిస్కెట్లాయన గొట్టం పట్టపగలే కాకుల్ని దారి తప్పించేంత పొగ కక్కేది. మొదటి మంజూరు ఆయనకే వచ్చింది. బాబాయి కాళ్లరిగేలా తిరిగితే, శనివారం మరోసారి కొలుస్తామన్నారు.

బావమరిది పచ్చికట్టెలు మోసుకొచ్చాడు. బట్టీ వాటి పొగని నీళ్లు తాగినట్టు తాగేసింది. తడిపిన రంపప్పొట్టు వేశారు. అదీ హరాయించుకుంది.

"బావా, నువ్వు కట్టిన ఆ ఇటుకలే నీకు శత్రువులు. పీకెయ్," అన్నాడు బావమరిది.

బాబాయి భార్యవైపు చూశాడు. మంచివాడనిపించుకుని దుకాణం మూసుకుంటే రొట్టెలు ఎవరు కాలుస్తారని ఆవిడ అడిగింది. బాబాయి చల్లారిన బట్టీలోకి పాక్కుంటూ దూరి ఒక్కో ఇటుకా ఊడదీశాడు. తన పనితనాన్ని తనే తిట్టుకుంటూ తీసేసరికి సాయంత్రమైంది.

శనివారం ముల్లు ఎగిరి గంతేసింది. అధికారి దగ్గుతూనే అభినందించి, పొగగొట్టానికి తీగ చుట్టి సీలు వేశాడు. మంజూరుకి పదకొండు నెలలు పడుతుందనీ, అందాకా రోజూ రొట్టెలు కాల్చుకోవచ్చు గానీ లోపల ఒక్క ఇటుక కూడా కదపరాదనీ చెప్పాడు.

"మరి ఈ పదకొండు నెలల పొగో?"

"అది పాత పొగ కిందికే వస్తుందండీ. మీకేం నష్టం లేదు."

బాబాయి పళ్లు నూరుకుంటూ సంతకం పెట్టి, గడప గడపకీ వెళ్లి కిటికీలు మూసుకొమ్మని చెప్పడం మొదలెట్టాడు. మూడో ఇంట్లో ముసలావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "నాలుగేళ్లుగా హాయిగా ఊపిరి పీల్చుకున్నాం కదయ్యా, ఇప్పుడు ఏమొచ్చిందీ?" అని అడిగింది.

"ప్రభుత్వ సాయం వచ్చింది పెద్దమ్మా," అన్నాడు బాబాయి.