ఆడి నెలలో చింతకాయలు

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. సౌభాగ్యం ఆడిన అబద్ధం మాత్రం ఆమె గొంతుకే అతుక్కుని, నాలుగు రోజులుగా ముద్ద దిగనివ్వడం లేదు.

ఆమె అన్న దొరసామి ఆ ఏడు పాత అంబాసిడర్ కారు కొన్నాడు. నడపడం నేర్చుకుని, లైసెన్సు తీసుకుని పట్టుమని పది రోజులు కాలేదు. తమిళనాట ఆడి నెల అనే ఆషాఢపు వానలకు పాపారపట్టి రోడ్డు వారన కారు బురదలో దిగబడితే, సౌభాగ్యం మొగుడు రంగరాజు ముందు నిలబడి, "రా, రా, ఇంకొంచెం రా" అని చెయ్యి ఊపాడు. బావ పిలిచాక ఆగుతాడా? దొరసామి బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కాడు. రంగరాజు తొడ ఎముక విరిగింది.

మొగుడి కాలు ఎలాగూ విరిగింది, ఇక అన్న చేతులకు బేడీలు కూడానా అని సౌభాగ్యానికి దడ పుట్టింది. ధర్మపురిలో ఆస్పత్రి మెట్లెక్కుతూనే, ఎవరూ అడగకముందే, చింతచెట్టెక్కి కాయలు దులుపుతూ పడ్డాడని డాక్టరుకు చెప్పేసింది. నొప్పికి సొమ్మసిల్లిన రంగరాజు అవుననలేదు, కాదనలేదు. దొరసామి ఆ మాట విని తల వంచుకుని బయటికి పోయాడు. మళ్లీ కనపడలేదు. ఎవరి కోసం నోరు పాడుచేసుకుందో ఆ అన్నే ముఖం చాటేశాడని ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

నాలుగో రోజున డాక్టరు కాళియప్పన్ ఆమెను పిలిచి, ఎముకలో కడ్డీ వేయాలనీ, లేకపోతే కాలు పొట్టిదై జీవితాంతం కుంటాలనీ చెప్పాడు. సోమవారం ఆపరేషను పెట్టుకుందామన్నాడు. ఖర్చు వింటే ఆమెకు కళ్లు తిరిగాయి. రంగరాజు కిందటేడు తీసుకున్న ప్రమాద పాలసీ గుర్తొచ్చి, ఆ కాగితం కొంగున ముడేసుకుని సోగత్తూరులో ఇన్సూరెన్సు ఏజెంటు రాఘవన్ ఇంటికి పరుగెత్తింది.

రాఘవన్ వరసకు చిన్నాయన. కారు గుద్దిన సంగతి విని, కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది పని పోయినందుకు వారానికింతని ఇస్తాది, అంతేమ్మా. ఆస్పత్రి ఖర్చు దీంట్లో రాదు. ముందు నడవాల్సింది కారు ఇన్సూరెన్సు క్లెయిము. ఇది దాని వెనకాల."

అన్న మీద కేసు మాత్రం పెట్టనని ఆమె మొండికేసింది. కారు కాగితం నడిపితే అన్న ఇల్లు వేలానికొస్తుందని ఆమె నమ్మకం. రాఘవన్ నవ్వి, కట్టేది దొరసామి కాదనీ, కంపెనీ అనీ, అందుకే కదా అతడు కారు కొన్నప్పుడే ఇన్సూరెన్సు డబ్బు కట్టిందనీ విడమరిచి చెప్పాడు. మహా అయితే కోర్టులో జరిమానా పడుతుందన్నాడు. ఆ మాటకు ఆమె ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే ఆస్పత్రిలో తాను చెప్పింది గుర్తొచ్చి, నీళ్లు నములుతూ ఆ సంగతి బయటపెట్టింది.

రాఘవన్ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. "చెట్టుకు ఇన్సూరెన్సు లేదు గదమ్మా."

ఇద్దరూ ఆస్పత్రికి వచ్చారు. సౌభాగ్యం డాక్టరు బల్ల ముందు నిలబడి, తను చెప్పింది అబద్ధమని ఏడుస్తూ ఒప్పుకుంది. కాళియప్పన్ తమిళుడే అయినా తెలుగువాళ్ల వీధిలో పెరిగినవాడు. తాపీగా ఆస్పత్రి పుస్తకం తెరిచాడు.

"ఆడి నెలలో చింతచెట్టు పూత మీద ఉంటాది. దులిపేదానికి కాయలేడివమ్మా? మీ ఆయన తొడలోంచి నేను తీసింది చింతగింజలు గాదు, హెడ్‌లైటు అద్దం."

చెట్టు మాట ఆ పుస్తకంలో లేనే లేదు. కారు గుద్దిందనీ, నడిపింది దొరసామి అనీ ఉంది. ఆయనకు ఎవరు చెప్పారని ఆమె అడిగింది.

"మీ అన్నే. ఆ దినమే నువ్వు అటు పోయినావు, ఆయన ఇటు వచ్చినాడు. నా చెల్లెలు నా కోసం చెప్పిన మాట రాయొద్దు సార్, నా పేరు రాయండి అన్నాడు."

అక్కణ్ణుంచి దొరసామి తిన్నగా పోలీసు స్టేషనుకు పోయి, జరిగింది జరిగినట్టు రాయించి వచ్చాడట. ఇంకేం, కారు కాగితమే ముందు నడుస్తుందని రాఘవన్ అన్నాడు. కంపెనీ డబ్బు వచ్చేదాకా తాను ఆగుతాననీ, ఆపరేషను మాత్రం సోమవారం ఆగదనీ డాక్టరు చెప్పాడు. సౌభాగ్యానికి నాలుగు రోజుల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. కళ్లు తుడుచుకుని, అన్న ఎటు పోయాడని అడిగింది.

దొరసామి ఎటూ పోలేదు. రోజూ పొద్దున్నే వచ్చి వెనక వరండాలో కూర్చుంటున్నాడని నర్సు చెప్పింది. సౌభాగ్యం వెళ్లేసరికి గడ్డం మాసి, గోడకు ఆనుకుని ఉన్నాడు. చెల్లెల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"నా కోసం మొగుడి కాలే వదులుకుంటివి గదే," అన్నాడు. "నేను ఏ ముఖం పెట్టుకుని నీ ఎదురుగా వచ్చేది?"

తిడదామని వచ్చింది కాస్తా అన్న చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. దొరసామి గుమ్మంలోనే నిలబడిపోయాడు. మంచం మీది రంగరాజు తల తిప్పి చూశాడు. తర్వాత మెల్లగా చెయ్యి ఎత్తి ఊపాడు.

"రా, రా, ఇంకొంచెం రా."

దొరసామి రెండడుగులు వేసి, మంచానికి బారెడు దూరంలో టక్కున ఆగిపోయాడు. పక్క మంచాల వాళ్లు ఉలిక్కిపడేలా నవ్వింది సౌభాగ్యం. ఆ పూట మారు అన్నం కూడా వడ్డించుకుంది.