నాలుగంగుళాల అలమర

నేను ఇళ్లు కొలుస్తాను. నగరపాలక సంస్థలో ఇరవై రెండేళ్లుగా అదే నా ఉద్యోగం. టేపు ఒక కొస నేను పట్టుకుంటాను, రెండో కొస ఎదుటివాడు పట్టుకుంటాడు. లాగి పట్టుకుంటాడో, వదులుగా పట్టుకుంటాడో చూస్తే మనిషి సంగతి సగం తెలిసిపోతుంది.

ఈ ఏడాది మావాళ్లు చిన్న ఇళ్లు కట్టేవారికి అభివృద్ధి రుసుము మాఫీ చేశారు. షరతు ఒకటే. భవనంలో ఏ ఇల్లూ ఐదు వందల చదరపు అడుగులు దాటకూడదు. ఒక్కటి దాటినా మొత్తం భవనానికి మాఫీ పోతుంది.

అలా మాఫీ అడిగిన ఒక భవనం కొలవడానికి వెళ్లాను. అందులో ఇరవై మూడు ఇళ్లు బుద్ధిగా ఉన్నాయి. ఇరవై నాలుగోది ఐదు వందల ఎనిమిది వచ్చింది. మళ్లీ కొలిచాను. టేపుకి మొహమాటం ఉండదు కదా, మళ్లీ అంతే వచ్చింది. రెండో కొస పట్టుకున్న తాపీ మేస్త్రి నేలచూపులు చూస్తున్నాడు.

కాంట్రాక్టరు అతని మీద నిప్పులు కక్కాడు. మేస్త్రి అసలు విషయం చెప్పాడు. ఆ ఇల్లు కొనుక్కునే అవకాశం లాటరీలో అతని చెల్లెలికి వచ్చింది. ఆమె దర్జీ. ముందు గదిలో బట్టలు కత్తిరించే బల్ల వేస్తే వీధి తలుపు పూర్తిగా తెరుచుకోదు. నాలుగంగుళాలు తక్కువ. అందుకని గోడను ఆ మేరకు నడవలోకి జరిపి కట్టాడు. నడవ ఎవరి సొంతమూ కాదు కదా అనుకున్నాడట.

మాఫీ పోతే రుసుమంతా ఇళ్ల ధరల మీద వేస్తానని కాంట్రాక్టరు తేల్చి చెప్పాడు. ఆ ధర పెట్టి కొనే స్తోమత చెల్లెలికి లేదు. ఇల్లు చూసుకుందామని వచ్చిన ఆమె అన్నీ విని, మెడలోని కొలత టేపు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"గోడ లోపలికి జరిపించండి సార్. బల్ల కోయించుకుంటాను" అంది.

పదహారేళ్లుగా ఆ బల్లే దాన్నీ పిల్లల్నీ పోషిస్తోందని అన్న గొణిగాడు.

నాకు కోపం వచ్చింది. నిబంధన రాసినవాళ్ల మీద, మేస్త్రి మీద, అడగ్గానే బల్ల కోస్తానన్న ఆవిడ మీద కూడా. మేస్త్రిని పక్కకి పిలిచాను.

"గోడ పడగొట్టక్కర్లేదు. లోపలివైపు ఇటుకలు అంచు మీద నిలబెట్టి ఇంకో వరస కట్టు. పూతతో కలిపి నాలుగంగుళాలు తగ్గుతుంది."

అతను తలూపాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. నేను గుమ్మం దాకా వెళ్లి ఆగాను.

"గోడలో వదిలిన అలమరని మేం కొలతలోకి తీసుకోం. అది నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలో నిబంధనల్లో ఎక్కడా లేదు."

మేస్త్రి జేబులోంచి ముడులు వేసిన దారం తీశాడు. అది బల్ల కొలత.

వారం తర్వాత మళ్లీ వెళ్లాను. కొత్త వరసలో నేల నుంచి నడుమెత్తు దాకా అలమర ఉంది. అందులో అరలు లేవు. బల్ల కొస దూరి ఉంది. అలమరంటే ఇదా అని అడగబోయిన కాంట్రాక్టరు నా ముఖం చూసి ఊరుకున్నాడు. నడవ నాలుగంగుళాలు తగ్గిన మాట నిజమే. దాన్ని కొలవమని నాకెవరూ చెప్పలేదు.

ఈసారి టేపు రెండో కొస చెల్లెలు పట్టుకుంది. లాగలేదు, వదలలేదు. నాలుగు వందల తొంభై తొమ్మిదిన్నర. 'గోడ అలమర: ఒకటి' అని కాగితం మీద రాసి సంతకం పెట్టాను.

వెళ్తూ వెళ్తూ వీధి తలుపు తీశాను. బల్లకి తగలకుండా పూర్తిగా తెరుచుకుంది. అవసరం లేకపోయినా ఇంకోసారి వేసి, తీసి చూశాను.