అప్పలనర్సమ్మ సంతకం

నేను ఒక తెల్ల కాగితాన్ని. మిల్లులో గుజ్జుగా ఉడికి, రోలర్ల కింద నలిగి, అయిదువందల మంది తోబుట్టువులతో కలిసి పార్టీ ఆఫీసుకు వచ్చాను. వాళ్లలో చాలామంది కరపత్రాలై సాయంత్రానికే జనం కాళ్ల కింద పడ్డారు. నాకు మాత్రం పెద్ద ఉద్యోగమే దొరికింది.

కార్పొరేషన్ ఎన్నికల టిక్కెట్లు పంచే రోజున పార్టీ నగర ఇన్‌చార్జి పైడిరాజు నన్ను అప్పలనర్సమ్మ ముందు పెట్టాడు. ఆవిడది మార్కెట్ వెనక ఇడ్లీ కొట్టు. చదువు లేదు. నామినేషన్ కోసం మనవరాలి దగ్గర వారం రోజులు కూర్చుని సంతకం నేర్చుకుంది.

"అడుగున ఒక సంతకం ఎట్టమ్మా. అందరూ ఎట్టినారు."

"పైనేటీ రాయలేదు కదా బాబూ?"

"అవసరమైతే రాస్తాంలే."

టిక్కెట్ పోతుందన్న భయంతో ఒక్కో అక్షరం గీసింది. పైడిరాజు నన్ను మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆవిడా, పైడిరాజూ ఇద్దరూ కార్పొరేటర్లుగా గెలిచారు. మొదటి మీటింగులోనే ఆవిడ కమిషనర్‌ను నిలదీసింది. "మా ఈది కుళాయి నీళ్లు ఒక్క గ్లాసు తాగు నాయనా, అప్పుడు కూకుంటాను!" మైకు కట్ చేస్తే మైకు లేకుండానే అరిచింది. ఆవిడ అవతలి పార్టీని కడిగేసినప్పుడల్లా పైడిరాజు బల్ల చరిచి మురిసిపోయేవాడు. నిక్కచ్చిగా మాట్లాడేవాళ్లంటే మనుషులకు ఇష్టమే, తమ జోలికి రానంతవరకు.

మూడో ఏడు, గెడ్డ వాగును సగం పూడ్చి పైడిరాజు కట్టబోయే కల్యాణ మండపం అజెండాలోకి వచ్చింది. ఆవిడ వార్డులో రెండు వందల ఇళ్లు ఆ గెడ్డ ఒడ్డునే ఉన్నాయి. వాన నీరు పోవడానికి ఇంకో దారి లేదు.

"మా పార్టీ అయితే నాకేటి? రేపు మీటింగులో అడ్డం పడతాను," అని టీవీ వాళ్ల ముందు చెప్పేసింది.

ఆ సాయంత్రమే నన్ను ప్రింటర్‌లోకి తోశారు. 'వ్యక్తిగత కారణాల వల్ల, నా ఇష్టపూర్వకంగా కార్పొరేటర్ పదవికి రాజీనామా చేస్తున్నాను.' కింద సంతకం సిద్ధంగానే ఉంది.

మర్నాడు మేయర్ నిండు సభలో నన్ను ఎత్తి చూపించాడు. "ఈ సంతకం మీదేనా అమ్మా?"

కాదంటే చాలు, రాజీనామా సంగతి విచారణ కోసం వాయిదా పడేది. ఆ హాల్లో పూటకు వంద అబద్ధాలు పుట్టేవి, ఆవిడ ఒక్కటి ఆడితే ఎవరి సొమ్మూ పోదు. కాదు అను తల్లీ అని నేను లోలోపల వేడుకున్నాను.

ఆవిడ దగ్గరికి వచ్చి నన్ను తేరిపార చూసింది. "నాదే బాబూ. రాత నాది కాదు. అప్పుడిది కాళీగా..."

"సంతకం ఒప్పుకున్నారు. రాజీనామా ఆమోదం."

బల్లలు మోగాయి. ఆవిడ అరుస్తుండగానే మార్షల్స్ బయటికి నడిపించారు. తర్వాతి అంశం మండపం. చర్చ లేకుండా అదీ ఆమోదం.

పైడిరాజు మనుషులు నా జిరాక్సులు వార్డంతా పంచారు. గెడ్డలో మండపం లేచింది. వానలకు గెడ్డ పొంగి ఇళ్లలో నడుము లోతు నీళ్లు నిలిచాయి. తర్వాతి సంగతి రికార్డు గది గుమాస్తాలు చెప్పుకుంటుంటే విన్నాను. జనం ఆ జిరాక్సు పట్టుకుని ఇడ్లీ కొట్టు మీదికి పోయారట.

"పైడిరాజుకి అమ్ముడుపోనావు! ఈ సంతకం నీది కాదేటి?" అని ఒక ముసలావిడ మొహం మీద ఉమ్మిందట.

"నాదే," అందట అప్పలనర్సమ్మ. ఆ పై మాట చెప్పనివ్వకుండా ఇడ్లీ పాత్ర తన్నేశారట.

నేను ఇనప బీరువాలో, ప్లాస్టిక్ కవర్లో క్షేమంగా ఉన్నాను. నా మీద ఒక్క చుక్క పడలేదు.