మాస్టారి కటింగు

ఎసట్లో బియ్యం పోసి, మూత ఓరగా పెట్టి, అప్పలలక్ష్మి మళ్లీ మిషను ముందు కూర్చుందో లేదో, వీధి గుమ్మంలోంచి "ఎవరండీ ఇంట్లో?" అని ఆడగొంతు వినిపించింది. వినీ వినగానే ఆ మహాతల్లి చేసిన పనేమిటంటే, పక్కమీది దుప్పటి లాగి మిషను మీద కప్పెయ్యడం, కోసిపెట్టిన జాకెట్టు ముక్కలన్నీ పరుపు కిందికి తోసెయ్యడం. దొంగసారా కాచేవాళ్లు కూడా అంత చురుగ్గా సర్దలేరు.

వచ్చినావిడ మెడలో కార్డు, చేతిలో ట్యాబు. పేరు రోజారమణి. ఏ ఇంట్లో ఎవరు ఏ పని చేస్తున్నారో రాసుకునే సర్కారు సర్వేట. ఈసారి పెదబొడ్డేపల్లిలో వీళ్ల వీధి వచ్చిందట. భోజనానికి ఇంటికొచ్చిన అప్పలలక్ష్మి మొగుడు తాతాజీ కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

"నాను టైలర్నండి. అబీద్ సెంటర్లో సొంత షాపు. మా నాన్న సోములు మాస్టారు పెట్టింది."

"అయ్యో, మీరేనా! ఈ జాకెట్టు మీ దగ్గర కుట్టించిందేనండి. చంక కింద ఒక్క ముడత లేదు చూడండి. మా ఆఫీసులో అందరూ అడుగుతారు, ఎవరి కటింగని."

"అంతా కటింగులోనే ఉంటాదమ్మా" అన్నాడు తాతాజీ, మీసం కింద నవ్వు దాచుకుంటూ.

తలుపు వారన నిలబడ్డ అప్పలలక్ష్మి ఆ బచ్చలిపండు రంగు జాకెట్టుని చూడగానే గుర్తుపట్టింది. గుడ్డ చాలకపోతే వీపు మీద ఎవరికీ కనబడకుండా అతుకు వేసింది తనే. తను కన్న పిల్లని పరాయివాళ్లు చంకనేసుకుని మా పిల్లే అంటుంటే నోరు మూసుకుని చూస్తున్నట్టుంది.

"మరి మీరేం చేస్తారమ్మా?"

"అదా? ఇంటికాడే ఉంటాది. ఖాళీయే" అన్నాడు తాతాజీ.

"ఆవిడ్ని చెప్పనివ్వండి సార్. షాపు పని ఏమైనా చేస్తారా అమ్మా? కుట్టడం, కోయడం?"

అప్పలలక్ష్మి మొగుడి మొహం చూసింది. ఆయన ఎటో చూస్తున్నాడు. "లేదండి" అంది. "మా ఇంట్లోవాళ్లవి మటుకు కుట్టుకుంటాను. అంతే."

రోజారమణి ట్యాబు మీద వేలు పెట్టి ఏదో నొక్కింది. మూడు నెలలకి మళ్లీ వస్తానని, అప్పటికి ఏమైనా మారితే చెప్పమని అనేసి పక్కింటికి వెళ్లిపోయింది. ఇంతసేపట్లో ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయింది. దానికి కూడా తాతాజీ చేత నాలుగు మాటలు పడింది అప్పలలక్ష్మి.

పరుపు కిందినుంచి ముక్కలు తీసి మళ్లీ మిషను ముందు కూర్చుంది. ఛీ, ఏం మనిషిని నేను, అనుకుంది. కాపురానికొచ్చిన కొత్తలోనే అత్త అచ్చియమ్మ చెప్పేసింది కదా, "ఆడది పెద్దకత్తెర ముట్టుకుంటే షాపు మూతబడతాదే కోడలా. కాజాలు కుట్టుకో, హుక్కులు కుట్టుకో, సాలు" అని. దసరాకి పసుపు కుంకాలు పెట్టి పూజ చేసేటప్పుడు కూడా ఆ కత్తెరకి దూరంగా నిలబెట్టేవారు. కాజాలు కుడుతూనే ఆమె మావగారి చెయ్యి చూసి నేర్చుకుంది. ఆయన పోయాక తాతాజీ కోసిన జాకెట్లు ఒకటి ఊపిరాడకుండా, ఒకటి గోనెసంచిలా తయారై షాపు ఈగలు తోలుకునే స్థితికి వచ్చింది. ఓ సాయంత్రం ఆ కత్తెరని తువ్వాల్లో చుట్టి తెచ్చి, తలుపు గడియ పెట్టి, ఆమె ముందు పెట్టాడు. "నాన్న పక్కన కూకోని సూసీదానివి కదేటి, ఓపాలి కొయ్యి" అన్నాడు. కోసింది. అప్పట్నుంచీ కొలతలు ఆయన తెస్తాడు, కోతా కుట్టూ ఆమెవి, పేరు మాత్రం తాతాజీ మాస్టారిది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. "ఊళ్లో తెలిస్తే ఏటనుకుంటారే? పెళ్లాం సేతికింద బతికీవోడంటారు" అని ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటే, ఈ వెర్రిమాలోకానికి జాలేసింది. అయితే అదంతా ఆయన దాచమన్నాడు కాబట్టి దాచానని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకుంది. ఇవాళ ఎవరు దాచమన్నారు? ఎవరో దారినపోయే ఆవిడ నువ్వు చెప్పమ్మా అని నిలబడితే, తన నోటితో తనే లేదండి అనేసింది కదా. ఈ సిగ్గు ఎవరి నెత్తిన రుద్దాలో ఆమెకి తెలియలేదు.

ఆ సర్వే ఆవిడ పొగడ్త తాతాజీ తలకెక్కింది. ఎస్. రాయవరం నుంచి సోమలమ్మగారు కూతురి పెళ్లి జాకెట్టు ముక్క పట్టుకొస్తే, చూస్తున్న నలుగురి ముందూ ఠీవిగా తనే కత్తెర పెట్టి, తనే కుట్టేశాడు. మెడ భుజాల దాకా జారిపోయింది. చీరతో వచ్చిన పట్టుముక్క, ఇంకోటి దొరకదు. సోమలమ్మగారు షాపుకొచ్చి కేకలేస్తున్న సమయానికి అప్పలలక్ష్మి క్యారేజీ పట్టుకుని మెట్లెక్కుతోంది.

"నాను కాదమ్మా" అన్నాడు తాతాజీ, గడ్డంతో ఆమెని చూపిస్తూ. "అదిగో, మా ఆడది. ఇంట్లో కూకుంటాది కదాని ఇస్తే ఇలాగ పాడుసేసింది."

అందరూ తిరిగి చూశారు. "ఏటమ్మా, సేతకాని పనిలో సెయ్యెందుకు పెట్టడం? రేపు పిల్ల పీటల మీద ఏటేసుకుంటాది?" అంది సోమలమ్మ. నడివీధిలో ఎవరో చీర లాగేసినట్టయింది అప్పలలక్ష్మికి. ఇన్నేళ్లలో ఆయన నోట ఆమె కుట్టిందన్న మాట రావడం అదే మొదలు, అది కూడా ఆమె కుట్టని దానికి. క్యారేజీ బల్ల మీద పెట్టి, ఆ పట్టు జాకెట్టు తీసుకుని ఇంటికొచ్చేసింది. కుట్లన్నీ విప్పి, చేతుల దగ్గర మిగిలిన జరీ అంచు కోసి, మెడ చుట్టూ పట్టీలా తిప్పి కుట్టింది. మొదట్నుంచీ అదే ఫ్యాషనన్నట్టు కుదిరింది.

మర్నాడు భోంచేస్తూ తాతాజీ ఒకటే నవ్వు. "సోమలమ్మగారేటందో తెలుసా? మాస్టారూ, మీ సెయ్యి పడితేగాని కుదర్లేదు అంది. ఇంకాస్త పులుసు పొయ్యి." పోసింది. అప్పుడు ఆమెకి కోపం కూడా రాలేదు, తన చేతులు చూసుకోవడానికే మొహం చెల్లలేదు.

రోజారమణి అన్నమాట ప్రకారం మళ్లీ వచ్చింది. ఆదివారం కావడంతో తాతాజీ ఇంట్లోనే ఉన్నాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తున్న చప్పుడు విని కూడా అప్పలలక్ష్మి లేవలేదు. నట్టింట్లో చాప మీద లైనింగు గుడ్డ పరుచుకుని కోస్తోంది.

"లెగే, అది తియ్యి" అని తాతాజీ గొంతు తగ్గించి, తర్వాత పైకి, "పాతదే ఎక్కించెయ్యండమ్మా, ఏటీ మారలేదు" అన్నాడు.

రోజారమణి చాప వైపు చూస్తూ నిలబడింది. "మీరు చెప్పండమ్మా."

అప్పలలక్ష్మికి చెవులు కాలిపోతున్నాయి. అబద్ధమాడినప్పుడు కూడా ఇంత సిగ్గెయ్యలేదు. "పోయినసారి తప్పు సెప్పానండి" అంది తల దించుకునే. "షాపుకొచ్చిన ప్రతి జాకెట్టూ నానే కోసి నానే కుడతాను. ఆరోజు మీరు తొడుక్కున్నదీ నాదే."

తాతాజీ గోడ పట్టుకుని నిలబడ్డాడు. రోజారమణి ట్యాబులో పాత జవాబు తుడిపేసింది. కొత్తది నింపి, అతని వైపు చూడలేక ఆమెనే అడిగింది, "మరి మీ ఆయనగారిది ఏమని రాయమంటారమ్మా?"

అప్పలలక్ష్మి తలెత్తి మొగుణ్ణి చూసింది. ఒద్దే అని ఆయన కళ్లు బతిమాలుకుంటున్నాయి. ఆమెకి జాలి వెయ్యకపోలేదు.

"కొలతలు తీసుకొస్తారు, కుట్టినవి పట్టుకెళ్తారు" అంది. "నాకు సాయంగా ఉంటారండి."