మధ్యాహ్నపమ్మ చంపలేదు

ఎండ నడినెత్తిన ఉండగా వెరోనికా తను కడుతున్న పన మీదే ఒరిగిపోయింది. తోడికోడలు సలోమెయా పరుగెత్తి తల ఒళ్ళోకి తీసుకుంది. నీళ్ళకుండ గట్టు మీద ఎక్కడో ఉంది. అది వచ్చేలోపే ప్రాణం పోయింది.

పోలండులో లుబ్లిన్ వైపు రై ధాన్యం కోతల్లో మిట్టమధ్యాహ్నం గంటసేపు ఎవరూ కొడవలి పట్టరు. తెల్లబట్టల మధ్యాహ్నపమ్మ చేలో తిరిగే వేళ అది. పని చేస్తూ కనబడితే మెడ విరిచేస్తుందంటారు. తల్లులు గట్టున ఉయ్యాలల్లోని బిడ్డలకు పాలిచ్చుకునేదీ ఆ గంటలోనే. ఆ ఏడు వాన ముంచుకొస్తోందని దొర పెత్తందారు జెలిన్‌స్కి ఆ గంట ఎత్తేశాడు. "దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. కట్టండి" అన్నాడు.

ఇప్పుడు గుర్రం దిగకుండానే శవాన్ని చూసి టోపీ తీశాడు. "పాపం, మీ మధ్యాహ్నపమ్మే కొట్టింది. ఎవరేం చేస్తారు?"

నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుంది. మూడు రోజుల కిందట లేని దెయ్యం, శవం లేచేసరికి పుట్టుకొచ్చింది. ఏడవాల్సిన సంగతేమిటంటే, ఊరంతా ఆ మాట నమ్మింది.

సాయంత్రం శవం చుట్టూ ఆడవాళ్ళు చేరారు. వెరోనికా మొగుడు ఇగ్నాత్సి గోడకు తల ఆనించి, "అమ్మకు కోపమొచ్చింది. మనదే తప్పు" అంటున్నాడు.

"తప్పు నాది మరిదీ" అంది సలోమెయా. "పాప ఏడుస్తోంది, పాలిచ్చొస్తానక్కా అంది. పెత్తందారు చూస్తున్నాడు, ఇంకో పది పనలు కట్టమన్నాను."

మూల కూర్చున్న పెత్రొనెలా ముసలమ్మ నోరు విప్పింది. ఊళ్ళో ఆడపిల్లలందరికీ ఆ దెయ్యం కథ చెప్పి పెంచింది ఆవిడే.

"కళ్ళారా చూశానని చెప్పేదాన్ని గదా. చూడలేదే. మా అమ్మా చూడలేదు. మన ఎండ దొరలకి ఏనాడు తగిలింది? దేవుడి పేరు చెప్పినా వినరు. దెయ్యమంటే మాత్రం వాళ్ళ తాతలు జడిసేవాళ్ళు. అందుకే మన ఆడవాళ్ళే ఆవిణ్ణి చేలో నిలబెట్టారు, బిడ్డకి పాలిచ్చే గంట కోసం. ఆ తల్లి కాచిందే గాని, ఎవర్నీ చంపలేదు."

"మరి చంపిందెవరు?" అంది చంటిబిడ్డ తల్లి ఆగాతా.

"దొర, వాడి పెత్తందారు. జడిసిన నేనూ" అంది సలోమెయా. "ఎల్లుండి మధ్యాహ్నం నేను కూర్చుంటా."

"పనిలోంచి తీసేస్తే చలికాలం ఏం తింటామే?" అంది ఆగాతా.

"వాన పడితే కుళ్ళేది వాడి పంట. కోసే చేతులు మనవి. వాడికే తొందర."

అలా తెల్లారేదాకా వాదించుకున్నారు. మర్నాడు వెరోనికాను పూడ్చారు. ఆ మర్నాడు గుడిగంట పన్నెండు కొట్టగానే నలభైమంది ఆడవాళ్ళు కొడవళ్ళు పక్కన పెట్టి కూర్చున్నారు.

జెలిన్‌స్కి గుర్రం దౌడు తీయించుకొచ్చాడు. "దెయ్యానికి జడిసి కూర్చున్నారా?"

"లేదు బాబూ" అంది పెత్రొనెలా. "జడుపు పోయి కూర్చున్నాం."

అలా కూర్చున్న మూడో రోజు మబ్బు కమ్మింది. మధ్యాహ్నానికి రష్యా జారు చక్రవర్తి పోలీసులూ వచ్చారు. సలోమెయా వెరోనికా కూతురికి పాలిస్తోంది. నెల కిందట తన బిడ్డ పోయాడు. పాలు మాత్రం ఆగలేదు. జెలిన్‌స్కి వేలు ఆవిడ వైపే చూపించింది.

"బిడ్డ తాగుతోంది. ఆగు" అంది సలోమెయా.

సార్జంటు ఆగలేదు. రొమ్ము విడిపించగానే పాప గుక్కపట్టింది. సలోమెయా పాపను ఆగాతాకు అందించింది. ఆగాతా రవిక విప్పింది. ఆగాతా రెక్క పట్టుకున్నారు. పాప పక్కామె ఒళ్ళోకి మారింది. ఆమెనూ లేపారు. పాప ఇంకో ఒళ్ళోకి మారింది. నలుగురిని బండెక్కించేసరికి సార్జంటు చెమట తుడుచుకుని వరస చివరిదాకా చూశాడు. ఇంకా ముప్ఫై ఆరుగురు కూర్చునే ఉన్నారు.

కోయని రై మీద తొలి చినుకులు పడ్డాయి. ఎవరూ లేవలేదు.

బండి కదిలింది. చేతులు కట్టేసి ఉన్నాయి, రవిక పాలతో తడిసింది. సలోమెయా వెక్కి వెక్కి ఏడ్చింది. దూరంగా పాప ఏడుపు వినిపిస్తూనే ఉంది. కాసేపటికి అది ఆగిపోయింది. పాప ఎవరి రొమ్ము పట్టిందో బండిలోంచి ఎంత చూసినా సలోమెయాకు తెలియలేదు.